ఎడమ బల్ల మీద మచ్చలు

జూన్ 2

ముందు అందరి ఒంట్లో ఎలా ఉందో రాస్తాను. పెద్దది ఈ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నీ దిగులంతా ఇందులో రాసుకోమ్మా, నా చెవుల్లో పొయ్యకు" అంది. ఎలా మొదలుపెట్టాలో పాలుపోలేదు. నా అయిదో తరగతి చదువుకి ఉత్తరం రాయడం ఒక్కటే వచ్చు. ఉత్తరంలో మొదట అందరినీ పలకరించాలి.

నాకు మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. గుండె దడ తగ్గలేదు. బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తురాక మళ్ళీ వేసుకుంటానేమోనని ఒక దిగులు, అసలు వేసుకోలేదేమోనని ఇంకో దిగులు.

పెద్దదానికి ఒంట్లో బాగానే ఉంది. నోరే బాగోలేదు. పొద్దున లేస్తే ఒంటికాలి మీద లేస్తుంది. నలభైకి దగ్గరపడింది, పెళ్ళి మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తుంది.

తోటమాలికి దగ్గు. నేనిచ్చిన కషాయం తాగానంటాడు. తాగలేదు, గిన్నె కడిగినట్టు లేదు.

చిన్నది బాగానే ఉంది. నిన్న ఫోన్ చేస్తే అల్లుడు తీశాడు. "అత్తయ్యగారూ, మీ ఆరోగ్యం జాగ్రత్త" అని నాకే చెప్పాడు. ఎంత మర్యాదో. చిన్నది పడుకుందట. పనమ్మాయిని మాన్పించారట, అందుకే అలిసిపోతోందట. మనవరాలికి ముందుపళ్ళు ఊడాయి.

ఇక పెద్దదాని మొక్కలు. ఈ ఇంట్లో అందరికంటే ముందు వాటి క్షేమమే అడగాలి, నేను చివర అడిగాను. బాగానే ఉన్నాయి.

జూన్ 4

పెద్దది పనిచేసేది మొక్కల రోగాల పరిశోధన తోటలో. మేముండేది దాని వెనకే రెండు గదుల క్వార్టరు. మా పెరటి గోడకి ఆనుకుని గాజుగది. అందులో రెండు బల్లలు, వాటి మీద నల్ల కుండీల్లో టమాటా మొక్కలు. ఎడమ బల్ల మీదివి పెద్దది ఏళ్ళ తరబడి జత కలిపి జత కలిపి కొత్తగా తయారుచేసినవి. కుడి బల్ల మీదివి మామూలు టమాటాలు, అందరి పెరట్లో ఉండేవి. నేను లోపలికి వెళ్ళాలంటే చెప్పులు మార్చుకోవాలి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. మా అత్తగారి వంటింట్లో కూడా నాకు ఇంత మడి లేదు.

ఇవాళ సాయంత్రం అది సూదిలేని సిరంజి పట్టుకుని ఆకు అడుగున అదిమి, రోగం కలిపిన నీళ్ళు ఎక్కిస్తోంది. రెండు బల్లల మొక్కలకీ. ఎక్కించిన ఆకు కాడకి ఎర్ర దారం కడుతోంది.

"బాగున్న మొక్కలకి చేతులారా రోగం అంటిస్తావా? ఏం పాపమే!"

"అంటిస్తేనేగా ఏది తట్టుకుంటుందో తెలిసేది. ఇలా రా, చెప్తా విను. ఎడమవాటి లోపల ఒక కాపలా పెట్టానమ్మా..."

ఏదో చెప్పింది. కాపలా, కేక, గదులు. సగం వినలేదు. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని నా ప్రాణం వంటింట్లో ఉంది.

పాలు పొంగలేదు. నేను వంటింట్లో ఉండగానే వెనక పెద్ద చప్పుడయింది. గాజుగది గుమ్మంలో తడి నేల మీద కాలు జారి పడింది. పాదం ఒకవైపు, మడమ ఒకవైపు. గరిటె పట్టుకునే పరుగెత్తాను. అది మాత్రం ఆ నొప్పిలోనూ తోటమాలి మీద అరుస్తూనే ఉంది, గడప దగ్గర నీళ్ళెవరు వదిలారని.

జూన్ 5

ఆసుపత్రి. చీలమండ రెండు చోట్ల విరిగింది. ప్లేటు వెయ్యాలన్నారు.

ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుంది. మత్తుమందు పని చెయ్యడం మొదలయింది, మాట తడబడుతోంది. "సెలవులు. లాబులో ఎవరూ లేరు. తాళం నీ దగ్గరే ఉంచు, తోటమాలిని కూడా లోపలికి రానివ్వకు. నీళ్ళు పొయ్యి, అంతే. ఎడమ బల్ల చూడు. మచ్చలొచ్చాయేమో చూసి చెప్పు. నెలాఖరుకి పెద్దసారుకి తేల్చి చెప్పాలి. తేలకపోతే నా పోస్టు ఉండదు."

అర్థమైంది. మచ్చలొస్తే పోస్టు పోతుంది. నా పిల్ల ఆ భయంతోనే లోపలికెళ్ళింది.

జూన్ 6

పొద్దున్నే గాజుగది తెరిచాను. గుండె గుభేలుమంది.

కుడి బల్ల మీది మొక్కలు పచ్చగా, నవనవలాడుతూ ఉన్నాయి. ఎడమ బల్ల మీద, దారం కట్టిన ప్రతి ఆకుకీ మచ్చ. చిటికెనవేలి గోరంత. గోధుమరంగు. ఎండి, కాగితంలా పెళుసుగా, ఎవరో చురక పెట్టినట్టు. ఇన్నేళ్ళ కష్టం! పాపం, అది అనుకున్నదే అయింది.

బస్సులో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ ఏం చెప్పాలా అని ఒకటే మథనం. కాలు పైకి కట్టి పడుకోబెట్టారు. మొహం పీక్కుపోయింది. నన్ను చూడగానే మొదటి మాట అదే.

"ఎడమ బల్ల చూశావా? మచ్చలొచ్చాయా?"

"లేవే. శుభ్రంగా ఉన్నాయి. నువ్వు బెంగపెట్టుకోకు."

కళ్ళు మూసుకుంది. కాలు సలుపుతోందేమో, మొహం అటు తిప్పుకుంది.

మంచం మీదున్న మనిషికి చెడు కబురు చెప్తారా ఎవరైనా? వాళ్ళ నాన్నకి చివరిదాకా గ్యాసు నొప్పే అని చెప్పాం. చిన్నదానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చిన్నది ఎంత బాగా దాచిందో. అది నోట్లో నాలుక లేని పిల్ల.

జూన్ 7

తోటమాలి గాజుగోడకి ముక్కు ఆనించి చూశాడు. నేనేం లోపలికి రానివ్వలేదు.

"అయ్యో పిన్నిగారూ, మాడిపోయాయేంటి ఇవి?"

"నువ్వు చూడకు, నీ దగ్గు వాటికంటుతుంది."

"నా దగ్గు మీ అమ్మాయిగారికే అంటలేదు, మొక్కలకేం అంటుంది? మచ్చపడ్డ ఆకు ఉంచితే మొక్కంతా పాకుతుందండీ. తుంచి కాల్చెయ్యండి. గులాబీలకి నేను చేసేదంతే."

నాకూ అదే తోచింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను పెంచిన ఏ మొక్కకీ పాడైన ఆకు రాత్రిదాకా ఉంచలేదు. పెద్దదాని మొక్కలు కాబట్టి ఒక పూట ఆగాను, అంతే. తీరా చూస్తే దారం కట్టిన ఆకులకే మచ్చలు. మిగతావి బాగున్నాయి. అంటే రోగం ఎక్కించిన ఆకులేవో తెలియాలనే దారంతో గుర్తు పెట్టుకుందన్నమాట. తీసెయ్యడానికే. పాపం, ఆ పని చేసేలోపే పడింది.

ముందు దారాలు విప్పాను. ముడులు గట్టిగా ఉన్నాయి, కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా విప్పాను. తర్వాత ఆకులు తుంచాను. తోటమాలి చెత్తమంటలో వేశాడు. దారాలు ఉతికి కిటికీ చువ్వ మీద ఆరేశాను. మంచి దారం, పారెయ్యడం ఎందుకు.

ఎడమ బల్ల ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. ఒక్క మచ్చ లేదు. పెద్దసారు ఇవాళొచ్చి చూసినా తలెత్తుకోవచ్చు.

జూన్ 8

నీళ్ళు పోశాను. అంతే.

జూన్ 9

"నిజం చెప్పమ్మా. ఒక్కటంటే ఒక్క మచ్చ కూడా లేదా? ఆకు వెనక్కి తిప్పి చూశావా?"

"తిప్పి చూశానే. ఒక్కటి లేదు."

అబద్ధం కాదు. అప్పటికి లేవు మరి.

పెద్దది ఏడ్చింది. అరవలేదు, తిట్టలేదు, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దాన్ని అలా చూసింది వాళ్ళ నాన్న పోయినప్పుడే. నర్సు వచ్చి నొప్పికి ఇంకో ఇంజక్షను చేసింది. తర్వాత పెద్దది పెద్దసారుకి ఫోన్ చేసింది. దాని మాట మాత్రమే నాకు వినిపించింది.

"రాలేదు సార్... లేదు, ఒక్క ఆకుకీ రాలేదు. అమ్మ రోజూ చూస్తోంది... సరే సార్. తీయించెయ్యండి."

ఏం తీయిస్తారో నాకు అర్థం కాలేదు. అడిగితే అరుస్తుందని అడగలేదు. మచ్చలు లేవని చెప్పింది కదా, పోస్టు నిలబడినట్టే. మరి ఏడుపెందుకు? నొప్పి. అంతే, నొప్పి.

జూన్ 11

కుడి బల్ల మీది మొక్కలు నాకు నచ్చడం లేదు. అంత పచ్చగా ఉండేవి, ఇప్పుడు దారం కట్టిన ఆకుల మీద నీళ్ళల్లో నానినట్టు తడిమచ్చ, చుట్టూ పసుపు. ఒకటి తల వాల్చేసింది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో. తక్కువయ్యాయేమో.

చిన్నదానికి ఫోన్ చేశాను. మనవరాలు తీసింది. ముద్దుగా మాట్లాడింది.

"అమ్మేదే తల్లీ?"

"అమ్మకి ఫోన్ ఇవ్వకూడదు అమ్మమ్మా. అమ్మ బాగుంది అని చెప్పమన్నారు నాన్న."

వెనక నుంచి అల్లుడు ఫోన్ అందుకున్నాడు. "అదేం కాదత్తయ్యగారూ, దానికి తలనొప్పి, విశ్రాంతి తీసుకోనిద్దామని." ఎంత శ్రద్ధో. నాకు తలనొప్పి వస్తే వాళ్ళ నాన్న కాఫీ ఎప్పుడిస్తావనేవారు.

అందరూ బాగున్నారు.

జూన్ 12

ముక్కులకి గుడ్డలు కట్టుకుని లాబు మనుషులు ఇద్దరొచ్చారు. పెద్దసారు పంపారట. పని అయిపోయిన రోగపు మొక్కల్ని ఒక్క పూట కూడా ఉంచకూడదట, గింజ దగ్గర్నుంచి వేరు దాకా కొలిమిలో వెయ్యాలట. అది వాళ్ళ పద్ధతి.

కుడివి అప్పటికే సగం చచ్చాయి, కుళ్ళిన వాసన. ఎడమవాటికి నేను తుంచిన ఆకులు లేవు గానీ మిగతా ఆకులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. చిగుళ్ళు కూడా వేస్తున్నాయి. "ఇవి బాగానే ఉన్నాయి కదా నాయనా" అన్నాను. "రెండు బల్లలూ తీసెయ్యమన్నారండీ" అన్నాడు ఒకతను, మర్యాదగానే. గోనె సంచుల్లో పడేశారు. బల్లలు మందునీళ్ళతో కడిగి వెళ్ళారు.

ఖాళీ గదిని ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ తాళం వేశాను.

జూన్ 15

పెద్దదాన్ని ఇంటికి తెచ్చాం. చంకకర్రలు. తోటమాలి ఒక పక్క, నేను ఒక పక్క. "పెళ్ళికూతుర్ని తెచ్చినట్టుంది అమ్మాయిగారూ" అన్నాడు తోటమాలి. మామూలుగా అయితే నాలుగు తిట్టేది.

మంచం మీద కూచోబెట్టి అన్నం కలుపుతున్నాను. కిటికీ వంక చూస్తోంది.

"ఆ దారాలేంటమ్మా అక్కడ?"

"నీవేనే. ఉతికి పెట్టాను."

"మొక్కలతో పాటే కాల్చెయ్యలేదా వాళ్ళు?"

"అంతకు ముందే విప్పాగా. ఆకులు తుంచినప్పుడు."

దారాల వంక మళ్ళీ చూసింది. తర్వాత చాలా మెల్లిగా అడిగింది. అది మెల్లిగా మాట్లాడితే నాకు భయం.

"ఏ ఆకులు తుంచావు?"

"మచ్చలొచ్చినవి. ఎడమ బల్లవి. నువ్వు మంచం మీద ఉన్నావు, బెంగపడతావని..."

కంచం గోడకి తగిలింది. అన్నం నా చీర మీద. నిప్పులు కక్కింది. "ఎన్నిటికొచ్చాయి? చెప్పు! ఎన్నిటికి?"

"అన్నిటికీ. దారం కట్టిన ప్రతిదానికీ."

"కుడివాటికి?"

"ఒక్కదానికీ లేదే అప్పుడు, ఎంత బాగున్నాయో..."

అది నవ్వడం మొదలుపెట్టింది. ఏడ్చినా బాగుండేది. "రావాలమ్మా ఆ మచ్చలు. వాటి కోసమే నేను ఇన్నేళ్ళు చచ్చాను. వచ్చాయి. అన్నిటికీ వచ్చాయి. వచ్చాయని లోకం మొత్తంలో తెలిసింది నీ ఒక్కదానికే. నువ్వేమో తుంచి మంటలో వేశావు!"

జూన్ 16

ఏం వండానో గుర్తులేదు. అది తినలేదు. నేనూ.

జూన్ 17

పెద్దసారు పరామర్శకి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. కుర్చీ అంచున కూచున్నారు, లేవడానికి వీలుగా.

"రాలేదని మీరే చెప్పారు. ఇప్పుడు వచ్చాయంటున్నారు. నేను ఏది రాసుకోవాలమ్మా?"

"మా అమ్మ తుంచేసింది సార్. నాకు చెప్పలేదు."

నేను వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చాను. "నేను చూశాను బాబూ. ఈ కళ్ళతో. గోరంత మచ్చ, గోధుమరంగు, పెళుసుగా. అన్నిటికీ. కావాలంటే తోటమాలిని అడగండి, గాజులోంచి చూశాడు."

ఆయన చిరునవ్వు నవ్వారు. కోప్పడినా బాగుండేది. "మీరు చూశారమ్మా. నేను చూడలేదు. ఫోటో లేదు, ఆకు లేదు, మొక్క లేదు. తల్లి సాక్ష్యం మీద ప్రాజెక్టు నడపలేం కదా."

"డబ్బాలో గింజలు కొన్ని మిగిలాయి సార్. మళ్ళీ వేస్తాను."

"వెయ్యండి. కానీ గాజుగది ఒకటో తారీకు నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ఇచ్చేశాం. క్వార్టరు కూడా..." వాక్యం పూర్తి చెయ్యలేదు. బత్తాయిలు తినమని చెప్పి వెళ్ళారు.

పెద్దది ఆ సంచీ తోటమాలికి ఇచ్చెయ్యమంది.

జూన్ 19

నాలుగు రోజులుగా నాతో మాట్లాడని మనిషి ఇవాళ మాట్లాడింది. నేనే అడిగాను మరి. "ఆ రోజు నువ్వు చెప్తుంటే పాల గిన్నె మీద ఉండి వినలేదు. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడెందుకు?"

"చెప్పవే."

గోడ వైపు చూస్తూ చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

"ఆకంతా చిన్న చిన్న గదులమ్మా. ఆకు అడుగున నోళ్ళుంటాయి, ఆ రోగం వాటిలోంచి దూరుతుంది. దానికి సూదిలాంటి గొట్టం ఉంటుంది. గది గోడకి గుచ్చి తన సరుకు లోపలికి పంపుతుంది. ఆ సరుకు వెళ్ళి మొదట ఏం చేస్తుందో తెలుసా? తినడం కాదు. మొక్క కేక నొక్కేస్తుంది."

"మొక్కకి కేకేంటే?"

"ఎవరో దూరారని ఒక గది పక్క గదికి కబురు పెడుతుంది. ఆ కబురు వెళ్ళే దారిలో కూచుంటుంది ఆ సరుకు. వచ్చిన కబురు వచ్చినట్టు నొక్కేస్తూ ఉంటుంది. అలా నొక్కినన్నాళ్ళూ బయటికి అంతా పచ్చగానే ఉంటుంది. చూసినవాళ్ళు బాగుందనుకుంటారు. లోపల అది తింటూ, పెరుగుతూ ఉంటుంది. నీ కుడి బల్ల అదే."

నా కుడి బల్ల అంది.

"మరి ఎడమవి?"

"అడివి టమాటా నుంచి ఒక కాపలాని తెచ్చి వాటిలో పెట్టాను. ఆ సరుకు చెయ్యి వేసిన చోటే అది పట్టుకుంటుంది. పట్టుకోగానే ఆ గది తనని తాను చంపేసుకుంటుంది. పక్కవి కూడా. రోగానికి తినడానికి ఏమీ మిగలకుండా, అడుగు ముందుకెయ్యకుండా. నువ్వు చూసిన మచ్చ అది. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది. రోగం అక్కడితో ఆగిపోయిందని గుర్తు."

"నాకేం తెలుసే. మచ్చంటే రోగమనుకున్నా."

"నీకెప్పుడూ అంతేగా అమ్మా. అరిచేవాళ్ళం మేం చెడ్డవాళ్ళం. అరవని వాళ్ళు బాగున్నట్టు. చిన్నది మాట్లాడి ఎన్నాళ్ళయింది నీతో? అదే, దాని నోటితో?"

లేచి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

వాళ్ళ నాన్న జబ్బు దాచినప్పుడు చిన్నదానికి చెప్పింది నేనే. ఎవరడిగినా బాగానే ఉన్నారను, మొహం మామూలుగా పెట్టు, అని. అది ఒక్కసారికే నేర్చుకుంది. పెద్దది నా మాట వినేది కాదు కాబట్టి దానికి చెప్పలేదు.

పండక్కి రాలేదు, అల్లుడికి సెలవు లేదన్నాడు. వాళ్ళ అక్క పడిందని చెప్తే అల్లుడే అయ్యో అన్నాడు, అల్లుడే జాగ్రత్తలు చెప్పాడు. పనమ్మాయిని ఎందుకు మాన్పించారో నేను అడగలేదు. పిల్ల నోటి వెంట వచ్చిన మాట కూడా ముద్దుగా ఉందనుకుని పక్కన పెట్టాను. ఇదే పుస్తకంలో రాశాను, అందరూ బాగున్నారని.

జూన్ 20

పొద్దున్నే ఫోన్ చేశాను. అల్లుడే తీశాడు.

"అత్తయ్యగారూ! మీ మోకాళ్ళెలా ఉన్నాయి? వదినగారి కాలు?"

"చిన్నదానికి ఫోనివ్వు బాబూ."

"స్నానం చేస్తోందండీ. బాగానే ఉంది."

"చెయ్యనీ. నేను ఫోన్ పెట్టను. ఇలాగే పట్టుకుని కూచుంటాను."

"ఎందుకత్తయ్యగారూ మీకు శ్రమ, తర్వాత చేయిస్తాగా."

"నాకు వేరే పనేం లేదు బాబూ. మొక్కలు కూడా లేవు."

పక్క మంచం మీద నుంచి పెద్దది అరిచింది. "ఇమ్మను! ఇవ్వకపోతే నేను మాట్లాడతానని చెప్పు!" అరవనీ అనుకున్నాను. జీవితంలో మొదటిసారి దాన్ని ఊరుకోమనలేదు.

చాలాసేపటికి చిన్నది వచ్చింది.

"బాగానే ఉన్నానమ్మా."

"ఆ మాట నేను నేర్పిందే కదే. నాకే చెప్తావా?"

అవతల ఊపిరి వినపడింది. పెట్టేస్తుందేమోనని ఫోను చెవికి అదుముకున్నాను. అప్పుడు గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు అంది.

"ఎప్పుడొస్తావమ్మా?"

ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను అది రమ్మనడం ఇదే మొదలు.

తర్వాత అల్లుడు అందుకున్నాడు. ఇల్లు చిన్నదన్నాడు, సున్నాలు వేయిస్తున్నానన్నాడు, వచ్చే నెల తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. అంతా తియ్యగానే. "నేను అడగడం లేదు బాబూ, చెప్తున్నాను" అన్నాను. నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఇక్కడ గాజుగది ఎలాగూ లేదు. క్వార్టరూ ఉండదు. పెద్దదాని కట్టు విప్పే దాకా ఆగుదామంటే అది ఒప్పుకోలేదు. చంకకర్రలతోనే వస్తానంది. గింజల డబ్బా చేతిసంచీలో పెట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. నన్ను ఇంకా క్షమించలేదు. క్షమిస్తుందని కూడా నేననుకోవడం లేదు. టిక్కెట్లు తోటమాలి తెచ్చాడు. బస్సులో నాకు కడుపులో తిప్పుతుంది, దాని కాలు వాచిపోతుంది, గుమ్మం దాకా వెళ్ళాక అల్లుడు తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో తెలీదు. తెలీకపోయినా సరే.

జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం, పొద్దుటి బస్సు.